ఇనుము పనికి ఇజ్జత్ ఎప్పుడిస్తాం?



కిందటి నెల మా పెద్దమ్మాయికి ఒక రిష్తా వచ్చింది. ఖాందాన్ మంచిది, అబ్బాయి చదువుకున్నవాడు, నమాజీ. ఫోన్లో అబ్బాయి అమ్మీ అన్నీ అడిగారు. అమ్మాయి ఏం చేస్తుందంటే, మెకానికల్ ఇంజినీర్, ఫ్యాక్టరీల్లో వాడే మెషీన్లు డిజైన్ చేస్తుందని చెప్పాను. "అంటే కంప్యూటర్ ముందు కూర్చునే పనేగా?" అన్నారు. "సగం రోజు కంప్యూటర్, సగం రోజు వర్క్‌షాప్" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆమె చాలా తమీజ్‌గా, చాలా మెత్తగా అన్నారు: "ఆడపిల్లకి గ్రీజు పని ఎందుకండీ? మీ అబ్బాగారిది షెడ్డే కదా, అది రక్తంలో వచ్చినట్టుంది."

ఆ రిష్తా అక్కడితో ఆగిపోయింది. దానికి నాకు బాధ లేదు, నసీబ్ ఎక్కడ రాసుందో అక్కడే కుదురుతుంది. కానీ ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు లేదు. ఎందుకంటే ఆమె పైకి అన్న మాటే నేను చాలా ఏళ్లు మనసులో పెట్టుకుని తిరిగాను. ఈరోజు రాస్తున్నది ఆమె గురించి కాదు. నా గురించి, బహుశా మీలో కొందరి గురించి కూడా.

మా అబ్బా విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. వెల్డింగ్, కటింగ్, రివెట్లు, లారీ వెనక తలుపులు, వాటి గొళ్లేలు, గొలుసులు, అన్నీ ఆయన చేతి మీదే. చదువు ఏడో తరగతి. ఆ కమాయీతోనే మా నలుగురినీ చదివించారు. నేను పెళ్లయ్యాక అమెరికా వెళ్లాను, మిషిగన్ రాష్ట్రంలో ఉండేవాళ్లం. అక్కడ మస్జిద్‌లో కలిసే మన వాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్, కొందరు డాక్టర్లు. "మీ అబ్బా ఏం చేసేవారు?" అని అడిగితే "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అనేదాన్ని. పూర్తి ఝూట్ కాదు, పూర్తి సచ్ కూడా కాదు. లారీలు ఉన్నాయి కదా అని నాకు నేనే తసల్లీ చెప్పుకునేదాన్ని. అల్లాహ్ మాఫ్ చేయుగాక.

నా కళ్లు తెరుచుకున్నది 2012లో. అది కూడా ఒక రోబో వల్ల.

అమెరికాలో హైస్కూల్ పిల్లల కోసం ఫస్ట్ అనే సంస్థ పెద్ద రోబో పోటీ నడుపుతుంది. డీన్ కామెన్ అనే ఇంజినీరు 1989లో ఆ సంస్థను మొదలుపెట్టాడు. ప్రతి జనవరిలో ఆ ఏటి ఆట ఏమిటో ప్రకటిస్తారు. అప్పట్లో పిల్లలు ఆరు వారాల్లో రోబోను కట్టి సిద్ధం చేయాల్సి ఉండేది. 2012 ఆట పేరు రీబౌండ్ రంబుల్, రోబోలతో ఆడే బాస్కెట్‌బాల్ లాంటిది. ఒక్కో వైపు మూడు రోబోలు, ఆట మొత్తం రెండుంబావు నిమిషాలు. అయితే అసలు తమాషా బంతుల్లో లేదు, వంతెనల్లో ఉంది. మైదానం మధ్యలో మూడు వంతెనలు. ఎర్ర జట్టుకి ఒకటి, నీలి జట్టుకి ఒకటి, మధ్యలోది ఇద్దరిదీ. ప్రతి వంతెనా తరాజులాంటిది, నడిమధ్య ఇరుసు మీద అటూ ఇటూ ఒరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు నేలకి సుమారు ఒక అడుగు ఎత్తున సమంగా నిలబడుతుంది. చక్రాల మీద నడిచే రోబో అంత ఎత్తు ఎక్కలేదు. కాబట్టి ముందు ఒక కొసను కిందికి దించాలి, అప్పుడు ఎక్కాలి, ఎక్కి మళ్లీ వంతెనను సమంగా నిలపాలి. ఆట ముగిసేసరికి సొంత వంతెన మీద ఒక రోబో సమంగా నిలిస్తే 10 పాయింట్లు, రెండు నిలిస్తే 20.

మా అమ్మాయి స్కూల్ జట్టులో ఆ వంతెనను దించే చెయ్యి తయారుచేసే పని ఆమెకీ, మరో ముగ్గురికీ వచ్చింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఆ చలికాలంలోనే మా అబ్బా మమ్మల్ని చూడడానికి వచ్చి మూడు నెలలు ఉన్నారు. బయట మంచు, ఇంట్లో చేయడానికి పని లేదు. ఫజర్ నమాజ్ అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద మంచు తీసే బండిని చూసేవారు, దాని ముందున్న రేకు ఎలా లేస్తుందో, ఎలా దిగుతుందో లెక్కపెడుతూ. "బేటీ, నన్ను ఆ రోబో కార్ఖానాకి తీసుకెళ్లు" అని మనవరాలిని అడిగారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకు తెలుసు. ఆయన నల్లబడ్డ గోళ్లు, కాలిన మచ్చల చేతులు అక్కడ అందరూ చూస్తారని. నా కూతురు నా మాట వినలేదు. అల్‌హందులిల్లాహ్, వినలేదు.

వాళ్లు వెళ్లేసరికి పిల్లలు చిక్కులో ఉన్నారు. మొదట కట్టిన చెయ్యికి పెద్ద మోటరు, గేర్‌బాక్సు పెట్టారు. బలం ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకున్నారు. ప్రాక్టీస్ కోసం ప్లైవుడ్‌తో కట్టుకున్న వంతెన మీద ఆ చేతిని నొక్కితే వంతెన సగమే దిగింది, రోబో ముందు చక్రాలే గాల్లోకి లేచాయి. చక్రాలు లేచాక ముందుకు కదలడం ఎలా? ఇంకా బలమైన మోటరు పెడదామని ఒకరు, రోబోకి ముందు బరువు కడదామని ఇంకొకరు. బరువుకీ హద్దుంది. ఆ ఏటి నిబంధనల ప్రకారం బ్యాటరీ, బంపర్లు వదిలేస్తే రోబో 120 పౌండ్లు దాటకూడదు. చెయ్యి కూడా రోబో చట్రం దాటి 14 అంగుళాల కంటే ఎక్కువ బయటికి రాకూడదు.

మా అబ్బా కాసేపు చూసి, రోబోని వదిలేసి వంతెన దగ్గరికి వెళ్లారు. కొస మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కారు. వదిలారు. మళ్లీ నొక్కారు. తర్వాత మనవరాలిని అడిగారు: "ఇది దిగడానికి ఎన్ని కిలోలు కావాలి?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మోటరు ఎంత పెద్దదో అందరికీ తెలుసు, వంతెనకి ఎంత కావాలో ఎవరూ కొలవలేదు. "పహలే తోల్, ఫిర్ బోల్" అన్నారాయన నవ్వుతూ. మన ఇళ్లలో పెద్దలు నోరు జారే పిల్లలకు చెప్పే మాట అది, ముందు తూచు, తర్వాత మాట్లాడు అని. ఆయన మాటల గురించి కాదు, నిజంగా తూచమనే చెప్పారు.

మర్నాడు మా ఇంట్లో సూట్‌కేసులు తూచే చిన్న కాటా వర్క్‌షాప్‌కి వెళ్లింది. ఇండియా ప్రయాణానికి ముందు మనమందరం వాడేదే. దాన్ని వంతెన కొసకి కట్టి కిందికి లాగి చూశారు. వంతెన నేలని తాకడానికి కావలసిన బరువు పిల్లలు అనుకున్నదాంట్లో మూడో వంతు కూడా లేదు.

ఇక్కడి నుంచి లెక్క పిల్లలదే. మా అమ్మాయి ఆ నోటుబుక్కును ఇప్పటికీ దాచుకుంది. సంగతి సులువుగా చెప్తాను, ఎందుకంటే ఇందులో ఒక సబక్ ఉంది. రోబో చెయ్యి వంతెనను కిందికి నొక్కితే, వంతెన రోబోను అంతే బలంతో పైకి నెడుతుంది. రోబో వెనక చక్రాలను ఇరుసు అనుకోండి. బ్యాటరీ, బంపర్లతో కలిపి రోబో బరువు సుమారు 68 కిలోలు. ఆ బరువు వెనక చక్రాలకు 14 అంగుళాలు ముందు ఉందనుకుందాం. చేతి కొస 42 అంగుళాలు ముందు ఉంది, అంటే మూడు రెట్లు దూరం. కాబట్టి 68లో మూడో వంతు, అంటే సుమారు 22 కిలోలు దాటి నొక్కితే వంతెన సంగతి తర్వాత, రోబో ముందు భాగమే లేస్తుంది. వంద కిలోల బలమున్న మోటరు పెట్టినా 22 దాటాక అదంతా తన కాళ్లు తనే లేపుకోవడానికే. కావలసినంత బలం ఎంతో తెలియనివాడికి ఎక్కువ బలం కూడా ముసీబతే.

అందుకని మోటరు తీసేశారు, గాలితో పనిచేసే సిలిండర్ పెట్టారు. ఆ పోటీలో ట్యాంకులో గాలిని 120 పీఎస్ఐ దాకా నింపుకోవచ్చు, పనికి వాడేటప్పుడు మాత్రం 60 దాటకూడదు. ఒకటిన్నర అంగుళం వ్యాసమున్న సిలిండర్ 60 పీఎస్ఐ దగ్గర సుమారు 106 పౌండ్లు నెడుతుంది, అంటే 48 కిలోలు. చెయ్యి పొడవు 18 అంగుళాలు. సిలిండర్‌ని కీలుకు 6 అంగుళాల దగ్గర తగిలిస్తే కొస దగ్గర దానిలో మూడో వంతు మిగులుతుంది, సుమారు 16 కిలోలు. వంతెనకి అది చాలు, 22కి లోపు కూడా. గాలికి ఇంకో ఖూబీ ఉంది, అది కాస్త అణుగుతుంది. రోబో వంతెన ఎక్కేటప్పుడు కోణం మారుతూ ఉంటుంది. మోటరు చెయ్యి మొండిగా నిలబడి వంగిపోయింది, గాలి చెయ్యి మాత్రం మెత్తగా సర్దుకుంది.

అబ్బా చెప్పింది ఇంకొక్కటే. మొదటి చేతి కొస మొద్దుగా ఉండేది. వంతెన ఒరిగేకొద్దీ చెయ్యి తాకే చోటు జరుగుతుంది కదా, అక్కడ కొస రాపిడికి ఆగిపోతోంది. "లారీ తలుపు బరువుగా ఉంటే నేను గొళ్లెం కింద ఏం పెడతాను?" అని ఆయన నన్ను అడిగారు, అందరి ముందు, తెలుగులో. నేను చిన్నప్పుడు షెడ్డులో ఆడుకుంటూ చూసినదే. "చిన్న చక్రం" అన్నాను. పిల్లలు స్కేటింగ్ బూటు చక్రం ఒకటి తెచ్చి కొసకి బిగించారు. గాలి వదిలేశాక చెయ్యి దానంతట అదే పైకి మడుచుకునేలా రబ్బరు గొట్టం కట్టారు. ముందు చక్రాలు వంతెన మీదికి ఎక్కేదాకా చెయ్యి నొక్కే ఉండాలి, ఎక్కాక వదిలేయాలి. ఆ సమయం చేతికి అలవాటయ్యేదాకా డ్రైవరు పిల్లవాడు ఒక వారం అభ్యాసం చేశాడు.

ఆ రోజు తర్వాత ఆ పిల్లలందరికీ ఆయన నానా అయ్యారు. జట్టుకు నేర్పే ఇంజినీరు ఒకాయన, కార్ల కంపెనీలో పెద్ద హోదాలో పనిచేసేవాడు, నా దగ్గరికి వచ్చి మీ నాన్నగారు ఎక్కడ చదివారని అడిగాడు. పదేళ్లలో మొదటిసారి నేను నిజం చెప్పాను: "ఆయన లారీ బాడీలు కడతారు. షెడ్డులో నేర్చుకున్నారు." ఆయన ముఖంలో నేను భయపడినదేదీ కనిపించలేదు. వెళ్లి అబ్బా చెయ్యి పట్టుకుని రెండు చేతులతో కలిపాడు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను.

మన వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారి అల్ జజరీ గురించి ఒక పోస్టు తిరుగుతుంది. ఆయన 1206లో యంత్రాల మీద రాసిన కితాబ్ గురించి, ఏనుగు గడియారం గురించి, నీళ్లు తోడే యంత్రాల గురించి. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా అన్నదమ్ములు రాసిన హియల్ కితాబ్ గురించి కూడా. మనమందరం మాషాఅల్లాహ్ అని రాస్తాం. మంచిదే. కానీ అల్ జజరీ ఎవరు? తన చేత్తో లోహాన్ని పోతపోసి, కోసి, బిగించి, పనిచేస్తుందో లేదో చూసుకున్న కారీగర్. ఆయనే ఈరోజు మన మొహల్లాలో ఉంటే మనం ఏమంటాం? "మిస్త్రీ" అంటాం. ఆయన కొడుక్కి పిల్లనిస్తామా? ఎనిమిది వందల ఏళ్ల కిందటి మెకానిక్ మనకు ఫఖర్, పక్క వీధి మెకానిక్ మనకు షర్మ్. ఇదెక్కడి ఇన్సాఫ్?

మన దీన్ ఈ తేడా నేర్పలేదు. దావూద్ అలైహిస్సలాం తన చేతి కష్టం మీద తిన్నారు, అల్లాహ్ ఆయనకు ఇనుమును మెత్తగా చేశాడు. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి. నూహ్ అలైహిస్సలాం పడవ కట్టారు. మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం తన చెప్పులు తానే కుట్టుకునేవారు. ఈ బయాన్లు మనం చిన్నప్పటినుంచీ విన్నవే. మింబర్ మీద చెప్తే కన్నీళ్లు పెట్టుకుంటాం, ఇంటికొచ్చి పిల్లవాడితో "చదవకపోతే షెడ్డులో పడేస్తా" అంటాం. ఈ బెదిరింపు మనలో ఎంతమంది వాడలేదు? ఆ మాటతో ఒకేసారి రెండు తప్పులు చేస్తున్నాం. షెడ్డులో పనిచేసేవాడిని తక్కువ చేస్తున్నాం, షెడ్డులో ఉన్నదంతా ఇల్మ్ కాదని పిల్లలకు నేర్పుతున్నాం.

కొందరు అంటారు, హునర్ మంచిదే కానీ దానితో గరీబీ పోదు, మా పిల్లలు మాలాగా కష్టపడకూడదని. ఆ బాధ నాకు తెలుసు. మా అబ్బా కూడా నన్ను షెడ్డులోకి రానిచ్చేవారు కాదు, నిప్పురవ్వలు కళ్లలో పడతాయని. వెన్ను విరిగే పని పిల్లలకు వద్దనుకోవడం తప్పు కాదు. నేను అడిగేది చదువు మాన్పించమని కాదు, చదువుతో పాటు చేతిని కూడా చదివించమని. లెక్క తెలిసి చెయ్యి తెలియని పిల్లలు పెద్ద మోటరు పెట్టి చక్రాలు గాల్లోకి లేపారు. చెయ్యి తెలిసి లెక్క రాని మా అబ్బా ఆ 22 కిలోల లెక్కను కాగితం మీద వేయలేరు. రెండూ ఒక బల్ల దగ్గర కూర్చున్నప్పుడే వంతెన దిగింది. మన బిరాదరీలో ఈ రెండూ ఒకే ఖాందాన్‌లో ఉంటాయి, మామూ మెకానిక్, భాంజా ఇంజినీరింగ్ విద్యార్థి. అయినా ఇద్దరూ ఈద్‌కి తప్ప మాట్లాడుకోరు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. 2017 జూలైలో వాషింగ్టన్‌లో ప్రపంచ దేశాల పిల్లలకు రోబో పోటీ జరిగింది. అఫ్ఘానిస్తాన్ హెరాత్ నుంచి అమ్మాయిల జట్టు దానికి బయలుదేరితే రెండుసార్లు వీసా నిరాకరించారు. చివరికి అనుమతి దొరికింది, వెళ్లారు, ధైర్యానికి ఇచ్చే వెండి పతకం తీసుకున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ హెరాత్ అమ్మాయిల జట్టే టొయోటా కరోలా కారు విడిభాగాలతో తక్కువ ఖర్చు వెంటిలేటర్ నమూనా తయారుచేసింది. హిజాబ్‌లో ఉన్న ఆడపిల్లలు, పాత కారు సామాను, ప్రాణం నిలిపే యంత్రం. దాన్ని గ్రీజు పని అందామా, ఖిద్మత్ అందామా?

మా అమ్మాయి జట్టు కథ ముగింపు కూడా చెప్పాలి, అడుగుతారు కాబట్టి. వాళ్లు ఆ ఏడు ఛాంపియన్లేమీ కాలేదు. మార్చిలో జరిగిన పోటీలో ఒక ఆట మాత్రం నాకు గుర్తుండిపోయింది. మధ్య వంతెన ఇద్దరిదీ అన్నాను కదా. దాని మీద ఎర్ర రోబో ఒకటి, నీలి రోబో ఒకటి కలిసి సమంగా నిలిస్తే రెండు జట్లకూ ర్యాంకుల్లో రెండేసి పాయింట్లు కలుస్తాయి. ఆట గెలిస్తే వచ్చేది కూడా రెండే. అంటే ఎదుటివాడికి సాయం చేయడం గెలుపంత విలువైనది. ఆ ఆటలో ఎదుటి జట్టు రోబోకి వంతెన దించే చెయ్యి విరిగిపోయింది. మావాళ్లు ఈవైపు దించి ఎక్కారు, ఇరుసు దాటి ముందుకు పోయారు. తరాజు అటు ఒరిగి అవతలి కొస ఎదుటివాళ్ల ముందు నేలకి దిగింది. వాళ్లు ఎక్కారు, మావాళ్లు మెల్లగా వెనక్కి జరిగారు, వంతెన సమమైంది. చూస్తున్నవాళ్లంతా లేచి చప్పట్లు.

అబ్బా అప్పటికే విజయవాడ వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే "గెలిచారా?" అన్నారు. "ఆట ఓడిపోయాం నానా, కానీ వాళ్లకి కూడా వంతెన దించాం" అంది నా కూతురు. "చక్రం అరిగిందా?" అన్నారాయన. అరగలేదని చెప్పింది. "షాబాష్" అన్నారు.

అబ్బా ఇంతకాలే అయి నాలుగేళ్లయింది. అల్లాహ్ ఆయనకు జన్నత్ ప్రసాదించుగాక. షెడ్డు ఇప్పుడు ఆయన షాగిర్ద్ నడుపుతున్నాడు. కిందటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయిని అక్కడికి నేనే తీసుకెళ్లాను.

ఇది చదివే అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ మూడు ముక్కలే. మీ పిల్లల స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. 2016 నుంచి ఆరో తరగతి మొదలు పన్నెండు దాకా పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిస్తోంది, చాలాచోట్ల తాళం వేసి ఉంటుంది, తీయమని అడగండి. సెలవుల్లో వారానికి ఒకరోజు, అబ్బాయినైనా అమ్మాయినైనా, మీ ఖాందాన్‌లో చేతిపని తెలిసిన చాచా దగ్గరకో, మామూ దగ్గరకో పంపండి, శిక్షగా కాదు, షాగిర్ద్‌గా. ఇక మూడోది, రిష్తా మాట్లాడేటప్పుడు "వాళ్ల నాన్న ఏం చేసేవాడు?" అని అడిగితే, జవాబు విన్నాక ఒక క్షణం మీ ముఖం ఎలా మారిందో మీరే గమనించుకోండి.

నన్ను ఎవరైనా అడిగితే ఇప్పుడు నా జవాబు ఒకటే. మా అబ్బా లారీ బాడీలు కట్టేవారు. చాలా బాగా కట్టేవారు.